రెండున్నర సెకన్ల రాజ్యం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరడం 1906కు ముందు నిబంధనలకు విరుద్ధం. బంతిని చంకన పెట్టుకుని మనుషుల గోడలోకి దూసుకుపోవడమే ఆనాటి ఆట. ఆ తొక్కిసలాటలో కళాశాల విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకునేవారు. 1905లో ఆ మరణాల వార్తలు పత్రికలను నింపేసరికి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మందలించాడు. మరుసటి ఏడాది సవరించిన నిబంధనల్లో పాస్‌కు అనుమతి దొరికింది. నేడు ఆ ఆటకు ప్రాణంగా చెప్పుకునే విద్య ఒక రకంగా రాజకీయ ఒత్తిడికి పుట్టిన బిడ్డ.

అయినా చాలాకాలం పాస్ రెండో భార్యగానే ఉండిపోయింది. దానికి పట్టమహిషి హోదా కట్టబెట్టింది 1978 నాటి మరో సవరణ. అంతవరకు బంతి అందుకోవలసిన రిసీవర్‌ను రక్షకుడు దారి పొడవునా తోస్తూ, కొడుతూ వెంబడించవచ్చు. పిట్స్‌బర్గ్ జట్టు కార్నర్‌బ్యాక్ మెల్ బ్లౌంట్ ఆ పనిలో ఎంత ఆరితేరాడంటే, దాన్ని నిషేధించిన నిబంధనకు వాడుకలో ఆయన పేరే స్థిరపడింది. 5 గజాలు దాటాక రిసీవర్‌పై చెయ్యి వేయరాదు. అదే ఏడాది, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే బ్లాకర్లు అరచేతులు తెరిచి, చేతులు చాచి ప్రత్యర్థిని ఆపడానికి కూడా అనుమతి వచ్చింది. పాయింట్లు పెరగాలి, టెలివిజన్ ముందు ప్రేక్షకుడు కదలకూడదు. అందుకోసం చట్టం ఒక పక్షానికి వత్తాసు పలికింది. రక్షణ గురించి ఆ తరవాత జరిగిన ఆలోచనంతా, చట్టం తనవైపు లేదని తెలిసినవాడి ఆలోచన.

ఈ అనుకూలతను శాస్త్రంగా మలచినవాడు బిల్ వాల్ష్. 1970 ప్రాంతంలో సిన్సినాటి బెంగాల్స్ జట్టులో ఆయన సహాయ శిక్షకుడు. ఫిరంగి లాంటి భుజబలమున్న యువ క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు. ఆ స్థానంలోకి వచ్చిన వర్జిల్ కార్టర్ దూరం విసరలేడు గాని గురి తప్పడు. ఉన్నదానితోనే సంసారం చేయాలి గనుక వాల్ష్ పొట్టి పాస్‌ల వ్యవస్థను రూపొందించాడు. మూడడుగులు వెనక్కి, వెంటనే విసురు. 10 గజాల హక్కు కోసం నాలుగు ప్రయత్నాలుండే ఆటలో ఒక్కోసారి ఐదారు గజాలు చొప్పున కొరుక్కుంటూ పోతే చాలు. ఆ విద్యే తరవాత శాన్‌ఫ్రాన్సిస్కోలో జో మోంటానా చేతుల్లో సామ్రాజ్యమైంది. లేమిలో పుట్టిన ఉపాయం కలిమికి ఆయుధం కావడం రాజకీయాలు చదివేవారికి కొత్త కాదు.

వేగంగా విసిరేవాడు ఎందుకు అంత ప్రమాదకారి? సాధారణ క్వార్టర్‌బ్యాక్‌ను ఆపడానికి రక్షణకు తెలిసిన మొదటి మార్గం అతన్ని చేరుకుని నేలకూల్చడం. దాన్నే శాక్ అంటారు. ముందున్న నలుగురు చాలకపోతే వెనకనుంచి ఐదో మనిషిని, ఆరో మనిషిని పంపుతారు. అది బ్లిట్జ్. కాని బంతి రెండున్నర సెకన్ల లోపే చేతిని వీడిపోతే, 130 కిలోల బరువున్న లైన్‌మన్ తన ఎదుటి బ్లాకర్‌ను దాటేసరికే పని ముగిసిపోతుంది. పైగా బ్లిట్జ్‌కు పంపిన ప్రతి మనిషీ వెనక ఒక ఖాళీ వదిలి వస్తాడు. చురుకైన క్వార్టర్‌బ్యాక్ చూసేది దూసుకొస్తున్నవాడిని కాదు, అతడు ఖాళీ చేసిన చోటును. బంతి అక్కడికే వెళుతుంది. కోపంతో ఎంత ఎక్కువమంది మీద పడితే అతనికి అంత మేలు. టామ్ బ్రేడీ, పేటన్ మానింగ్ పంచుకున్న రెండు దశాబ్దాల ఆధిపత్యంలో పెద్దభాగం ప్రత్యర్థుల ఈ ఆత్రుత పెట్టిన భిక్షే.

ఈ చిక్కుముడికి మొదటి గొప్ప జవాబు 1991 జనవరి 27న ఫ్లోరిడాలోని టాంపాలో కనిపించింది. గల్ఫ్ యుద్ధం మొదలై అప్పటికి పది రోజులు. స్టేడియం చుట్టూ భద్రతా వలయం. బఫెలో బిల్స్ జట్టు అంతకుముందు మ్యాచ్‌లో రైడర్స్‌ను 51-3తో చితక్కొట్టి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ మధ్యలో గుమికూడి మంతనాలాడే అలవాటుకే స్వస్తి చెప్పి, ప్రత్యర్థి ఊపిరి పీల్చుకోకముందే తరవాతి ఎత్తు వేసేవాడు. ఎదుట న్యూయార్క్ జెయింట్స్. వారి రక్షణ వ్యూహకర్త బిల్ బెలిచిక్, అప్పటికి నలభై ఏళ్లు నిండనివాడు.

బెలిచిక్ తన ఆటగాళ్లకు చెప్పిన మాట వారికి రుచించలేదు. బఫెలో పరుగు వీరుడు థర్మన్ థామస్‌ను 100 గజాలకు పైగా పరిగెత్తనివ్వాలన్నాడు. పరుగును ఆపడమే తమ పౌరుషానికి గుర్తుగా భావించే జట్టు అది. కాని లెక్క స్పష్టం. బంతి థామస్ చేతిలో ఉన్నంతసేపు కెల్లీ చేతిలో ఉండదు. ముందు వరుసలో మనుషులను తగ్గించి, వెనక పాస్ దారుల్లో రక్షకులను పెంచాడు. రెండో షరతు, మధ్యకు వచ్చి పొట్టి పాస్ అందుకున్న ప్రతి రిసీవర్‌నూ అందుకున్నచోటే గట్టిగా పడగొట్టాలి. ఆండ్రీ రీడ్ 8 పాస్‌లు పట్టాడు, వచ్చినవి 62 గజాలే. థామస్ 15 పరుగుల్లో 135 గజాలు సాధించాడు, బెలిచిక్ కోరుకున్నదానికన్నా కాస్త ఎక్కువగానే.

అసలు రక్షణ మాత్రం జెయింట్స్ దాడిలోనే ఉంది. వేగవంతుణ్ణి నిలువరించడానికి అతన్ని మైదానం బయట కూర్చోబెట్టడాన్ని మించిన పద్ధతి లేదు. మూడో పాదంలో జెయింట్స్ ఒకే దండయాత్రను 9 నిమిషాల 29 సెకన్ల పాటు సాగదీశారు. 60 నిమిషాల ఆటలో 40 నిమిషాల 33 సెకన్లు బంతి వారి దగ్గరే ఉంది. చివర్లో బఫెలో 47 గజాల కిక్ కుడివైపు తప్పిపోగా 20-19తో జెయింట్స్ గెలిచారు. ఆ రక్షణ ప్రణాళిక ప్రతి నేడు ఓహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. (ఒక చిన్న ముచ్చట: 1960లలో ఇదే బఫెలోకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన జాక్ కెంప్, ఆ రోజుకు అధ్యక్షుడు బుష్ మంత్రివర్గంలో గృహనిర్మాణ శాఖ చూస్తున్నాడు.)

కిక్ లోపల పడి ఉంటే ఆ ప్రణాళిక మ్యూజియానికి చేరేదా అన్నది న్యాయమైన సందేహమే. ఒక్క పాయింటు తేడా మేధావిని, మూర్ఖుణ్ణి వేరు చేసింది. అయినా ఆ ఆలోచన విలువ తగ్గదు. టీ20లో ఆఖరి ఓవర్లు చూసిన భారతీయ ప్రేక్షకుడికి అది సులభంగానే బోధపడుతుంది. బౌండరీ గీత మీద ఫీల్డర్లను నిలిపి సింగిల్ ఇచ్చేసే కెప్టెన్ లొంగిపోవడం లేదు, ఏది ఇవ్వాలో తానే నిర్ణయిస్తున్నాడు.

రెండో మార్గం మోసం. అది పుట్టిన ఊరు కూడా సిన్సినాటియే కావడం చరిత్ర చేసిన పరిహాసం. బెంగాల్స్ జట్టు రెండు సూపర్ బౌల్‌లలో వాల్ష్ చేతిలోనే ఓడింది. ఆ జట్టు రక్షణ శిక్షకుడు డిక్ లెబో 1980లలో జోన్ బ్లిట్జ్‌ను తీర్చిదిద్దాడు. మీదికి దూకుతాడనుకున్న లైన్‌మన్ రెండడుగులు వెనక్కి జారి పొట్టి పాస్ దారిలో నిలబడతాడు. దూకడనుకున్నవాడు మరోవైపు నుంచి దూకుతాడు. వచ్చేవారి సంఖ్య పెరగదు, ఎవరు వస్తారన్నదే మారుతుంది. వేగంగా విసిరేవాడి బలమంతా ఖాళీ ఎక్కడుందో ముందే తెలియడం. ఆ ఖాళీయే అబద్ధమైతే అతని వేగం అతనికే శత్రువు.

దీనికి 2009 ఫిబ్రవరి 1 నాటి ఘట్టాన్ని మించిన ఉదాహరణ లేదు. లెబో అప్పుడు పిట్స్‌బర్గ్ రక్షణాధిపతి. ఎదుట అరిజోనా క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్, కన్ను మూసి తెరిచేలోపు బంతి వదిలే మనిషి. ప్రథమార్ధం ముగియడానికి 18 సెకన్లు, గోల్ గీత అడుగు దూరం. పిట్స్‌బర్గ్ లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్ బ్లిట్జ్‌కు వెళ్లాలని ఆదేశం. అతడు వెళుతున్నట్టు నటించి ఆగిపోయాడు. అంత దగ్గర్లో వార్నర్ బంతిని ఎలాగూ వెంటనే వదిలేస్తాడు గనుక తాను చేరుకోలేనని సొంత బుద్ధితో తేల్చుకున్నాడు. స్లాంట్ పాస్ నేరుగా అతని చేతుల్లో పడింది. 100 గజాలు పరిగెత్తి అవతలి గీత దాటి కుప్పకూలాడు. ఆధిక్యం చేజారవలసిన క్షణం 17-7గా మారింది. చివరికి 27-23తో పిట్స్‌బర్గ్ నెగ్గింది. హారిసన్ లేకుండా ఆ అంకె ఊహించలేము. ఆజ్ఞ పాటించనందుకు ఎవరూ అతనికి సంజాయిషీ నోటీసు ఇవ్వలేదు.

మూడో మార్గంలో మాయ లేదు, ఇవ్వడమూ లేదు. నలుగురితోనే లోపలినుంచి ఒత్తిడి తేవడం, మిగిలిన ఏడుగురిని వెనక ఉంచడం. 2007లో బ్రేడీ నాయకత్వంలోని పేట్రియట్స్ వరసగా 18 మ్యాచ్‌లు గెలిచి సూపర్ బౌల్‌కు వచ్చారు. లీగ్ దశలోని 16 మ్యాచ్‌లలో బ్రేడీ శాక్‌కు గురైంది మొత్తం 21 సార్లు. ఆ ఒక్క సాయంత్రం జెయింట్స్ అతన్ని 5 సార్లు నేలకూల్చారు. వ్యూహకర్త స్టీవ్ స్పాగ్నూలో అంచుల్లో ఆడే చురుకైన జస్టిన్ టక్‌ను నడిమధ్యకు తెచ్చి నిలిపాడు. అంచునుంచి వచ్చేవాడు చుట్టు తిరగాలి. నడిమి నుంచి వచ్చేవాడిది దగ్గరి దారి, పైగా క్వార్టర్‌బ్యాక్ ముందుకు అడుగేసే చోటే మూసుకుపోతుంది. ఫలితం 17-14.

అన్నిటికన్నా నిరాడంబరమైన పద్ధతిని సియాటిల్ సీహాక్స్ 2014 ఫిబ్రవరి 2న న్యూజెర్సీలో చూపారు. (ఆ రాష్ట్రంలో తెలుగువారికి కొదవ లేదు గాని, ఆ నెలలో వారి చూపు ఢిల్లీ మీద ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు మరో పదహారు రోజులకు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో, ‘పాస్’ అయింది.) డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ మానింగ్ ఆ ఏడాది 55 టచ్‌డౌన్ పాస్‌లు, 5,477 గజాలతో రికార్డులు తిరగరాశాడు. జట్టు 606 పాయింట్లు చేసింది. అంతవరకు ఏ జట్టూ 600 దాటలేదు.

సియాటిల్ పెద్దగా బ్లిట్జ్ చేయలేదు. తాము ఏడాది పొడవునా ఆడిన పద్ధతినే ఆడింది. కార్నర్‌బ్యాక్‌లు చట్టం అనుమతించిన ఆ 5 గజాల్లోనే రిసీవర్‌ను గట్టిగా అడ్డుకుని లయ చెడగొట్టారు. ముగ్గురు లోతున కాపు కాశారు. మిగిలినవారు పొట్టి పాస్ కోసం ఎదురుచూసి, బంతి పడ్డ క్షణంలో కబడ్డీలో రెయిడర్ మీద గొలుసు విరుచుకుపడినట్టు పడ్డారు. డెన్వర్ ఆటగాడు డెమేరియస్ థామస్ పట్టిన 13 పాస్‌లు ఆనాటికి సూపర్ బౌల్ రికార్డు. వచ్చింది 118 గజాలు. మానింగ్ 49 విసిరితే 34 చేరాయి. ఆ అంకెలు మాత్రమే చూసినవాడు డెన్వర్ గెలిచిందనుకుంటాడు. స్కోరు 43-8.

ఆ రాత్రి మానింగ్‌ను శాక్ చేసింది ఒక్కసారే. గణాంకాల పట్టికలో సియాటిల్ లైన్ దాదాపు ఖాళీ చేతులతో కనిపిస్తుంది. కాని రెండో పాదంలో క్లిఫ్ ఆవ్రిల్ విసిరే చేతిని తాకాడు. బంతి గాలిలో తేలి మాల్కమ్ స్మిత్ చేతిలో పడి, 69 గజాలు దాటి టచ్‌డౌన్ అయింది. మ్యాచ్ ఉత్తమ ఆటగాడి బహుమతి స్మిత్‌కు దక్కింది. అందులో అన్యాయం లేదు. అయితే వేగవంతుడి మీద పనిచేసే రక్షకుడి శ్రమ ఎక్కువగా ఇలాంటిదే. అరవైసార్లు పరిగెత్తాలి, యాభైతొమ్మిదిసార్లు ఆలస్యంగా చేరాలి, చేరినా పేరు మరొకరిది.

సరిగ్గా ఏడాదికి, 2015 ఫిబ్రవరి 1న అదే సియాటిల్ అదే పద్ధతితో బ్రేడీని ఎదుర్కొంది. చివరి పాదం మొదలయ్యేసరికి 10 పాయింట్ల ఆధిక్యం వారిది. కాని రిచర్డ్ షెర్మన్ మోచేయి, ఎర్ల్ థామస్ భుజం, కామ్ చాన్సెలర్ మోకాలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. మరో కార్నర్‌బ్యాక్ చెయ్యి మ్యాచ్‌లోనే విరిగింది. మూడో పాదంలో ఆవ్రిల్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. అతనితోపాటు ఒత్తిడీ వెళ్లిపోయింది. బ్రేడీ చివరి పాదంలో 15 పాస్‌లకు 13 పూర్తి చేసి, రెండు టచ్‌డౌన్‌లు సాధించాడు. చాలావరకు అవే పొట్టి పాస్‌లు.

28-24తో వెనకబడ్డ సియాటిల్ అయినా గెలుపు గీతకు గజం దూరం దాకా వచ్చింది. అక్కడ వారు ఎంచుకున్నది కూడా ఒక శీఘ్ర స్లాంట్ పాసే. పేట్రియట్స్ వైపు ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోని కొత్త కుర్రాడు మాల్కమ్ బట్లర్. ఆ వారం సాధనలో ఇదే ఎత్తుగడ తనపై పారిన సంగతి అతనికి గుర్తుంది. పక్కన బ్రాండన్ బ్రౌనర్, ఒకప్పటి సియాటిల్ ఆటగాడే, ముందు నిలిచిన రిసీవర్‌ను గీత దగ్గరే కదలనివ్వకుండా బిగించాడు. దారి తెరుచుకుంది. బట్లర్ రిసీవర్ కన్నా ముందు అక్కడికి చేరి బంతి అందుకున్నాడు. గడియారంలో 20 సెకన్లు మిగిలాయి.

ఆ జట్టు తిరిగి సూపర్ బౌల్‌కు చేరకముందే 2017లో మెడ గాయాలతో ఆవ్రిల్, చాన్సెలర్ ఇద్దరి ఆటా ముగిసింది. ఆవ్రిల్‌కు అప్పటికి 31 ఏళ్లు, చాన్సెలర్‌కు 29.