తరవాణి కుండ... సీరం సీసా!

ఆమదాలవలసలో ఆ ఇంటి వంటగది మూల ఇప్పటికీ తరవాణి కుండ ఉంది. రోజూ వార్చిన గంజి అందులో పోయడం, తెల్లారి ఆ పుల్లటి నీళ్లు చద్దన్నంలో కలిపి ఉల్లిపాయ నంజుకోవడం మామ్మకి అలవాటు.

మనవరాలి గోల వేరు. పెళ్లికి మూడు వారాలే ఉంది. పులియబెట్టిన పండ్ల సీరం రాస్తే మొహం మెరుస్తుందని, ముడతలు రావని చదివింది. సీసా ధర చూసి గుండె గుభేలుమంది. బొప్పాయి ముక్కలు, నిమ్మతొక్కలు, బెల్లం సీసాలో వేసి అటక మీద దాచింది. వారం తర్వాత ఓ రాత్రి ఆ రసం మొహమంతా పట్టించి పడుకుంది.

తెల్లారేసరికి బుగ్గలు భగ్గుమంటున్నాయి.

"ఓలమ్మ! ఏటే ఇది? మొకమంతా కందిపోనాది!"

"మన తరవాణి లాంటిదే కదా మామ్మా..."

"తరవాణి తాగుతాం గానీ మొకానికి పూసుకుంటామేటే?"

పిల్ల చదివిందంతా అబద్ధమేం కాదు. పండ్లు పులిసేటప్పుడు కొన్ని సూక్ష్మజీవులు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. చెరకులో ఉండే గ్లైకోలిక్ ఆమ్లం దీనికి చుట్టమే. (చక్కెర ఫ్యాక్టరీ మూతపడినా ఊరికి ఆ బంధుత్వం మిగిలింది!) ఇవి చర్మంపై పేరుకున్న మృతకణాల పట్టు సడలిస్తాయి. చర్మం పొలుసులు కట్టే జబ్బుకు ఇవి పనిచేస్తాయని అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు 1974లోనే ప్రకటించారు.

చిక్కంతా కొలతలో ఉంది. చర్మం పైపొర పీహెచ్ సుమారు 5. నిమ్మరసానిది 2కి కాస్త పైన. అంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ పులుపు! కంపెనీ సీసాలో ఆమ్లం ఎంతో లెక్క ఉంటుంది, అటక మీది సీసాకి ఎవరు లెక్క కట్టారు? పైగా నిమ్మతొక్కలోని కొన్ని పదార్థాలు ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది.

శ్రీకాకుళంలో డాక్టరుగారు అన్నీ మానిపించి, వాసన లేని క్రీమొకటి రాసిచ్చారు. ఎండలోకి వెళ్లొద్దన్నారు. తోడొచ్చిన మామ్మ చేతులు చూసి నవ్వారు కూడా. ఎనభై ఏళ్లామెకి ముంజేతులు ముడతలు పడ్డాయి, రవికె చేతుల కింద చర్మం మాత్రం ఇంకా నున్నగానే ఉంది. "రెండింటి వయసూ ఒకటేనమ్మా, ఎండ పడటంలోనే తేడా" అన్నారు.

పెళ్లినాటికి మంట తగ్గింది. ఎడమ బుగ్గ మీద మచ్చ మాత్రం ఫొటోల్లో పడింది.

అత్తారింటికి పంపే సారెలో మామ్మ ఓ నల్ల గొడుగు పెట్టింది.