ఎరుపు ఎక్కడ ఆగింది?



యూనిట్ టెస్ట్ మార్కులు రాగానే మీలో చాలామంది నాతో అనే మాట, "మేడం, మావాడు మ్యాథ్స్‌లో వీక్." ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తారు. నాన్న టీవీ మెకానిక్. ఎవరైనా "టీవీ పాడైందండీ" అంటే వెంటనే స్క్రూడ్రైవర్ తీసేవారు కాదు. "సరే, పనిచేస్తున్నదేమిటి? సౌండ్ వస్తోందా? బొమ్మ వస్తోందా?" అని అడిగేవారు.

నేను బీఈడీ చదివే రోజుల్లో ఒక డాక్టరుగారి ఇంటి నుంచి పాత హోమ్ థియేటర్ ప్రొజెక్టర్ రిపేరుకు వచ్చింది. దానికి ముందువైపు మూడు పెద్ద లెన్సులు. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు పిక్చర్ ట్యూబులు. ఆ మూడు బొమ్మలూ తెర మీద సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితేనే రంగుల సినిమా. ఇందులో ఎరుపు రావడం లేదు. తెల్ల చొక్కా కూడా నీలిపచ్చగా కనిపిస్తోంది. అంతకుముందు చూసినాయన "ఎర్ర ట్యూబ్ పోయింది, పాత సామాన్లవాడికి వేసేయండి" అని తేల్చేశాడట.

నాన్న తేల్చలేదు, వెతికారు. ముందు ఎర్ర ట్యూబ్ మెడ దగ్గర చూశారు. లోపల హీటర్ సన్నగా వెలుగుతోంది. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ సిగ్నల్ కేబుళ్లను అటూ ఇటూ మార్చారు. అయినా ఎర్ర లెన్సే చీకటిగా ఉంది, ఆకుపచ్చ వెలుగుతూనే ఉంది. అంటే కేబుల్ తప్పు కాదు. ప్లగ్ పీకి, లోపలి ఛార్జ్ తీసేసి, ట్యూబుల వెనకున్న చిన్న బోర్డులు మార్చారు. ఆ మోడల్‌లో మూడు బోర్డులూ ఒకేలా ఉంటాయి. ఎర్ర ట్యూబ్‌కు నీలం బోర్డు, నీలం ట్యూబ్‌కు ఎర్ర బోర్డు. ఆన్ చేస్తే ఎరుపు వచ్చింది, నీలం పోయింది! ట్యూబ్ బాగానే ఉంది, తప్పు అరచేతి మందం బోర్డులో ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక పిన్ను చుట్టూ వెంట్రుకంత పగులు. డ్రై సోల్డర్. ఏళ్ల తరబడి వేడెక్కి, చల్లారి, టంకం విడిచిపోయింది. కొత్త టంకం వేశారు. మూడు రంగుల గీతలను కలిపి ఒకే తెల్ల గీతగా చేయడానికి ఇంకో సాయంత్రం పట్టింది.

ఒక హెచ్చరిక. అలాంటి ప్రొజెక్టర్‌లో ట్యూబ్‌కు అందే కరెంటు 30 వేల వోల్టులు దాటొచ్చు. ప్లగ్ తీసినా ఛార్జ్ లోపల నిలిచి ఉంటుంది. ఇంట్లో మూలనున్న పాత డబ్బా టీవీ కూడా ఇలాంటిదే. పిల్లల్ని దాన్ని విప్పనివ్వకండి. వాళ్ల ప్రయోగాలకు 1.5 వోల్టుల సెల్, చిన్న బల్బు, రెండు వైర్లు చాలు. బల్బు వెలగకపోతే ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడమనండి: ముందు సెల్, తర్వాత బల్బు, ఆ తర్వాత వైరు.

ఈ పద్ధతి నాకు క్లాసులో పనికొచ్చింది. ఆరో తరగతిలో ఒక బాబుకు మ్యాథ్స్‌లో 25కి 9 వచ్చాయి. సాయంత్రం ఆట మానిపించి ట్యూషన్‌లో వేస్తామని ఇంట్లో నిర్ణయించారు. "ఒక్క వారం ఆగండమ్మా" అని వాళ్లమ్మగారిని అడిగాను.

మొదట అంకెలతో లెక్కలిచ్చాను. అన్నీ చేశాడు. తర్వాత తెలుగులో చెప్పాను: "240 మామిడికాయల్లో నాలుగింట మూడు వంతులు అమ్మాం. మిగిలినవి 5 బుట్టల్లో సమానంగా సర్దితే బుట్టకు ఎన్ని?" నోటితోనే 12 అన్నాడు. మర్నాడు అదే రకం లెక్క ఇంగ్లిష్‌లో రాసిచ్చాను. అమ్మిన కాయల్నే బుట్టలకు పంచేశాడు. 'రిమైనింగ్' అన్న మాట మీద వేలు పెట్టి అర్థం అడిగితే తల దించుకున్నాడు. భాగహారం వచ్చిన పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగిపోయాడు. అది తెలియకుండా ట్యూషన్‌లో వేసుంటే, వచ్చిన లెక్కలే మళ్లీ నేర్పేవాళ్లు. పోయేది వాడి ఆట, వాడి ధైర్యం.

ఇప్పుడు లెక్కల్లో వచ్చే ఇంగ్లిష్ మాటలు చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. మొన్నటి టెస్టులో 16 వచ్చాయి. సాయంత్రం ఆట అలాగే ఉంది.

అందరి పిల్లల ఇబ్బందీ ఇదే కాదు. ఒకరికి నిద్ర చాలకపోవచ్చు, ఒకరికి బోర్డు సరిగ్గా కనిపించకపోవచ్చు, ఒకరికి పోయినేడాది పాఠమే అర్థమై ఉండకపోవచ్చు. అందుకే ట్యూషనూ, టైమ్‌టేబులూ, సెక్షనూ అన్నీ ఒకేసారి మార్చకండి. అలా మారిస్తే దేనివల్ల బాగుపడ్డాడో, దేనివల్ల కాలేదో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆన్సర్ షీట్లు కూడా తీసుకురండి. బాబునో పాపనో పక్కనే కూర్చోబెట్టుకుని, ఏ మెట్టు దాకా బాగానే వచ్చారో ముందు చూద్దాం. ఆగింది ఎక్కడో అక్కడే తెలుస్తుంది.