మామగారితో సింగపూరు తోటలకు

మా హోసూరులో ఎవరింటికి వెళ్ళినా పూల మాట రాకుండా ఉండదు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాది ఒకటి. మా మామగారు నలభై ఏళ్ళు గులాబీ తోట సాగు చేశారు. తెల్లవారకముందే పూలు కోయించి బెంగుళూరు మార్కెట్టుకు పంపితే గాని ఆయన కాఫీ ముట్టేవారు కాదు. మూడేళ్ళ క్రితం అత్తగారు పోయిన తరువాత తోట కౌలుకు ఇచ్చేశారు. మోకాళ్ళ నొప్పులన్నారు కాని అసలు కారణం అది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. వాకిట్లో కుండీలకు నీళ్ళు పోయడం కూడా మానేశారు.

అటువంటి మనిషి, 2024 సంక్రాంతి సెలవుల్లో టీవీలో సింగపూరు ఆర్కిడ్ పూలు చూపిస్తుంటే కళ్ళార్పకుండా చూసి, "మీ అత్తను తీసుకెళ్ళి చూపిస్తానన్నాను, కుదరలేదు" అన్నారు. మావారు ఆ మాట పట్టుకున్నారు. మా అబ్బాయికి మే నెలలో బడి సెలవులు. నలుగురం వెళ్దామని నిశ్చయించుకున్నాము.

మొదట ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళ్ళాము. ఆయన ఇచ్చిన కాగితంలో నాలుగు రోజులకు పదహారు చోట్లు ఉన్నాయి. బొటానికల్ గార్డెన్‌కు కేటాయించింది ముప్పై నిమిషాలు! డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చేతికర్రతో, ముప్పై నిమిషాల్లో తోట చూసి బస్సెక్కాలి. మామగారు కాగితం మడిచి నా చేతికిచ్చి, "ఇది తోట చూడడం కాదమ్మా, తోట పక్కనుంచి పోవడం" అన్నారు. దాంతో మా ప్రయాణం మేమే సొంతంగా వేసుకోవాలని తేల్చుకున్నాము. ఆ అనుభవం పాఠకులకు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా చూసుకోవలసినవి

మనవాళ్ళకు సింగపూరు వెళ్ళడానికి వీసా కావాలి. గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. టూరు ప్యాకేజీ కొనకుండా వీసా పని ఒక్కటే వారికి అప్పగించవచ్చు. ఇది కాక అక్కడ దిగడానికి మూడు రోజుల లోపు రాకపోక వివరాలు కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో నింపాలి. దాన్ని ఎస్.జి. ఎరైవల్ కార్డు అంటారు. దీనికి ప్రభుత్వం రుసుము తీసుకోదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

బెంగుళూరు నుంచి విమానంలో నాలుగున్నర గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మామగారు ఇక్కడ నాలుగున్నరకు లేచే అలవాటు మనిషి. అక్కడ సరిగ్గా ఏడు గంటలకు, తెల్లవారే వేళకు లేచి కూర్చున్నారు! సింగపూరు భూమధ్యరేఖకు అతి దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పొద్దు పొడవడం ఏడింటికి, కుంకడం ఏడింటికి, కాస్త అటూ ఇటూగా. వానకు కాలమంటూ లేదు, ఏ నెలలోనైనా కురుస్తుంది. డిసెంబరు, జనవరిలో ఎక్కువ. అందువల్ల గొడుగు అక్కడ తోడుమనిషి లాంటిది.

బస లిటిల్ ఇండియాలో చూసుకున్నాము. భోజనం సమస్య లేకపోవడం ఒక కారణం. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో మా మామగారికి ఇడ్లీ, సాంబారు దొరికాయి. రెండవ కారణం మెట్రో రైలు. దాన్ని అక్కడ ఎం.ఆర్.టి. అంటారు. లిటిల్ ఇండియా స్టేషను నుంచి నీలం రంగు డౌన్‌టౌన్ లైనులో ఒకవైపు మూడవ స్టేషను బొటానికల్ గార్డెన్, రెండవ వైపు నాలుగవ స్టేషను బేఫ్రంట్, అంటే గార్డెన్స్ బై ద బే. రైలు మారే పని లేదు. ప్రతి స్టేషనులో లిఫ్టు ఉంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఇంతకంటే ఏం కావాలి? టికెట్టుకు బదులు బ్యాంకు కార్డు తాకిస్తే సరిపోతుంది. రైల్లో తినడం, తాగడం నిషేధం; మంచినీళ్ళు కూడా తాగకూడదు. జరిమానా గట్టిగా ఉంటుంది.

మన తమిళనాడు తెలుగువారికి మరొక సదుపాయం. ఆ దేశపు నాలుగు అధికార భాషల్లో తమిళం ఒకటి. హెచ్చరిక బోర్డుల మీద తమిళం కనబడితే, ఇంగ్లీషు రాని మామగారు గట్టిగా చదివి మాకే వినిపించారు. బళ్ళో చదువుకున్న తమిళం సముద్రం దాటి అక్కరకు వచ్చిందని ఆయనకు ఒకటే సంతోషం.

ఇక మా ప్రణాళిక సంగతి. రోజుకు ఒక్క తోట. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం బసలో విశ్రాంతి, ఓపిక ఉంటే సాయంత్రం మళ్ళీ. మాలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి అడుగే అందరి అడుగు. అనుకోవడానికి సులువే. మొదటి రోజే తప్పు చేశాము.

నూట అరవై ఏళ్ళు దాటిన తోట

సింగపూరు బొటానికల్ గార్డెన్స్‌ను 1859లో ఏర్పరచారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఉదయం ఐదు నుంచి అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది. ప్రవేశం ఉచితం. లోపలి జాతీయ ఆర్కిడ్ వనానికి మాత్రం టికెట్టు. పెద్దవారికి, విద్యార్థులకు రాయితీ ఉంది.

తోట పేరుతోనే స్టేషను ఉంది కదా అని అక్కడ దిగి నడక మొదలుపెట్టాము. తోట ఎనభై రెండు హెక్టార్లని, స్టేషను ఒక కొసన ఉంటే ఆర్కిడ్ వనం నడిమధ్యన ఉందని మేము పట్టించుకోలేదు. మధ్యలో ఎత్తుపల్లాలు. సగం దూరం వెళ్ళేసరికి మామగారు బెంచీ మీద కూలబడ్డారు. "మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నారు. ఎవరి కోసం వచ్చామో ఆయనే రానంటే మాకు ప్రాణం ఉసూరుమంది. మావారికి తన మీద తనకే కోపం. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు టాక్సీలో నాసిమ్ గేటు దగ్గర దిగండి. ఆర్కిడ్ వనం అక్కడికి బాగా దగ్గర.

అరగంట అక్కడే కూర్చున్నాము. దగ్గర్లో ఒక తోటపని కుర్రాడు చెట్టు మొదట్లో ఎండుటాకులు పోగుచేస్తున్నాడు. మామగారు తమిళంలో పలకరించారు. తంజావూరు వైపు పల్లెటూరివాడట, వచ్చి ఆరేళ్ళయిందట. ఎరువేమిటి, తెగులు వస్తే ఏం కొడతారు, చెట్టుకు తొర్ర పడితే ఏం చేస్తారు అని ప్రశ్న మీద ప్రశ్న. ఆ కుర్రాడు ఓపికగా చెప్పి, పోతూ పోతూ, "అయ్యా, మెల్లగా పోతే అందులో కుండీలు చాలా దగ్గర నుంచి చూడవచ్చు" అన్నాడు. మామగారు కర్ర అందుకుని లేచారు.

ఆర్కిడ్ వనంలో వెయ్యికి పైగా జాతులు, రెండు వేలకు పైగా సంకర రకాలు ఉన్నాయని అంటారు. మేము వాటిలో పదో వంతు కూడా చూసి ఉండము. మామగారు నిలబడిపోయింది ఒక్క పువ్వు దగ్గరే. పేరు వాండా మిస్ జోక్విమ్. ఆగ్నెస్ జోక్విమ్ అనే ఆర్మేనియన్ వనిత సృష్టించిన సంకర రకం అది. 1893లో లోకానికి తెలిసింది. 1981లో దాన్నే సింగపూరు జాతీయ పుష్పంగా ఎంపిక చేశారు. మా అబ్బాయి ఈ సంగతి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "మీ అత్త కట్టిన గులాబీ అంటు ఒక్కటీ చచ్చేది కాదు. కూలీలు కట్టినవి పదింటికి నాలుగు పోయేవి. ఈ మాట ఆమెతో ఒక్కనాడూ అనలేదు" అన్నారు. అత్తగారు పోయాక ఆయన తనంతట తాను ఆమె పని గురించి మాట్లాడడం అదే మొదటిసారి.

ఈ తోటకు మన తెలుగువారితోనూ ఒక సంబంధం ఉంది. 1877లో లండన్ దగ్గరి క్యూ తోట నుంచి రబ్బరు మొక్కలు ఇక్కడికి వచ్చాయి. 1888లో తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని రూపొందించి, రబ్బరు నాటమని కనిపించిన తోటల యజమానినల్లా వేధించేవాడట. పిచ్చి రిడ్లీ అని నవ్వారు. తరువాత మలయా అంతటా రబ్బరు తోటలు వెలిశాయి. ఆ తోటల్లో కూలికి మన కోస్తా జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు ఓడలెక్కి వెళ్ళాయి. మలేసియాలోని తెలుగువారిలో చాలామంది వారి సంతతే. ఊరు వదిలి వచ్చి మరో నేలలో వేళ్ళూనుకున్న మనబోటివారికి ఆ రబ్బరు చెట్టును చూస్తే ఏదో చుట్టరికం తోచింది.

సముద్రాన్ని పూడ్చి పెంచిన తోట

మర్నాడు గార్డెన్స్ బై ద బే. సముద్రాన్ని పూడ్చిన నేల మీద నూట ఒక్క హెక్టార్లలో పెంచి 2012లో తెరిచారు. బయటి తోటలకు టికెట్టు లేదు. రెండు పెద్ద అద్దాల మందిరాలకు మాత్రం ఉంది, ధర కాస్త ఎక్కువే. ఒక్కొక్క దాన్ని నెలకొక రోజు మరమ్మతులకు మూసేస్తారు. ఆ తేదీలు ముందే చూసుకోండి.

ఫ్లవర్ డోమ్ అనే మందిరంలో ఎప్పుడూ చల్లగా ఉంటుంది. వెయ్యేళ్ళు దాటిన ఆలివ్ చెట్లు, లావుపాటి బావోబాబ్ చెట్లు ఉన్నాయి. మామగారు శాలువా కప్పుకుని, "ఇంత కరెంటు ఖర్చు పెట్టి వీళ్ళు తెచ్చుకునే చలిని దేవుడు మన హోసూరుకు ఊరికే ఇచ్చాడు. మనమే దాని విలువ తెలుసుకోలేదు" అన్నారు. రెండవ మందిరంలో ముప్పై ఐదు మీటర్ల జలపాతం ఉంది. పైకి లిఫ్టులో వెళ్ళి నెమ్మదిగా నడుస్తూ దిగవచ్చు.

సాయంత్రం ఏడుంముప్పావుకు ఇనుప మహావృక్షాల మీద దీపాల ప్రదర్శన. ఏడింటికే కుండపోతగా వాన. ప్యాకేజీలో వచ్చిన ఒక కుటుంబం వాళ్ళు గంట కొట్టినట్టు బస్సు దగ్గరకు పరుగెత్తారు. మాకు తొందర లేదు. చూరు కింద బెంచీ మీద వేరుశనగలు తింటూ కూర్చున్నాము. వాన వెలిసింది. ఎనిమిదుంముప్పావుకు రెండవ ప్రదర్శన చూశాము, డబ్బు కట్టకుండానే. ఖాళీ వేళ ఉంచుకున్నందుకు దక్కిన లాభం అది.

మూడవ రోజు పొద్దున ఈస్ట్ కోస్ట్ పార్కులో సముద్రపు గాలి. మేము టాక్సీలో వెళ్ళాము. ఆ తరువాతి నెల, 2024 జూన్‌లో, మెట్రో మెరైన్ పరేడ్ దాకా వచ్చింది, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. విమానాశ్రయం దారిలో గొడుగులు పట్టినట్టు నిలిచినవి మన నిద్రగన్నేరు చెట్లే. 1963లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ ఒక మొక్క నాటి ఉద్యమం మొదలుపెట్టారు. 1967లో నగరాన్ని తోటగా మార్చాలనే లక్ష్యం ప్రకటించారు. ఆ నీడంతా ఆనాటి నాట్ల ఫలమే. నాలుగవ రోజు 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణమయ్యాము.

ఒక హెచ్చరిక. అక్కడి నుంచి మొక్కలు, పిలకలు, విత్తనాలు సంచిలో వేసుకుని రాకండి. అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే మన విమానాశ్రయంలో వాటిని తీసేసుకుంటారు. మామగారు ఒక ఆర్కిడ్ పిలక మీద మనసు పడ్డారు కాని మావారు నచ్చజెప్పి ఆపారు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున వాకిట్లో చప్పుడైతే చూశాను. మామగారు ముక్కాలిపీట మీద కూర్చుని ఎండిన కుండీల్లో మట్టి తిరగేస్తున్నారు. పక్కన అత్తగారి అంటు కత్తి, నూనె రాసి తుడిచి ఉంది. కౌలుదారు తోటలో అత్తగారు కట్టిన పాత గులాబీ నుంచి కొమ్మలు తెప్పించుకున్నారట. "మామయ్యా, మోకాళ్ళు నొప్పి పుట్టవా?" అంటే, "రోజుకు ఒక్క కుండీయే కదమ్మా, మన సింగపూరు లెక్కన" అన్నారు.

ఎనిమిది అంటులు కట్టారు. ఏడు చిగిర్చాయి. ఎనిమిదవది పోయినందుకు ఆయనకేమీ బాధ లేదు. "ఆమె చెయ్యి వేరు" అంటారు.