షాంఘైలో మా కాపురం

మావారి ఉద్యోగరీత్యా చైనా వెళ్ళాలి అనగానే ఎవరికైనా మొదట పట్టుకునే బెంగ ఒక్కటే. "అక్కడ మనం తినేవి దొరుకుతాయా?" అని. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2015 నుంచి 2019 దాకా షాంఘైలో కాపురం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. తిండి గురించి అంత బెంగ అక్కర్లేదండీ. బెంగంతా మాట గురించే!

కూరగాయల బజారుకి వెళితే బూడిద గుమ్మడి, కాకర, నేతిబీర, చేమదుంపలు, మన కాలవ గట్ల మీద పెరిగే తూటికూర... అన్నీ తెలిసిన మొహాలే. కాకపోతే మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడిని వాళ్ళు సూపు కాచుకుంటారు. పెసలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎండాకాలం చలవ చేస్తుందని పెసలు ఉడికించి, పంచదార కలిపి ఆ నీళ్ళు తాగుతారు. నేను మాత్రం రాత్రే నానబోసి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి పెసరట్లు పోసేదాన్ని. వాళ్ళ అయిదో నెల అయిదో రోజున ఒక పండగ వస్తుంది. ఆ రోజుకి జిగురు బియ్యాన్ని వెదురాకుల్లో చుట్టి ఉడికిస్తారు. వాటిని చూస్తే నాకు అంబాజీపేట పొట్టిక్కలే గుర్తొచ్చేవి. కందిపప్పు, కరివేపాకు, ఇంగువకి మాత్రం ఇండియన్ సరుకుల కొట్టుకి పోవాల్సిందే.

ఇక మాట సంగతి. మావారు ఆఫీసుకి వెళ్ళాక పధ్నాలుగో అంతస్తులో నేనూ, రెండేళ్ళ పాపా. పలకరించే దిక్కు లేదు. ఎదురింటి పెద్దావిడే సైగలతో చేరదీసింది. 2017లో బాబు అక్కడే పుట్టాడు. అమ్మకి రావడానికి కుదరలేదు. ఇంటికొచ్చిన మర్నాడే ఆవిడ అల్లం, నల్లబెల్లం వేసి కాచిన నీళ్ళు పట్టుకొచ్చింది. అక్కడా బాలింతకి నెల రోజులు పథ్యం ఉంది. దాన్ని 'నెల కూర్చోవడం' అంటారు. చన్నీళ్ళు ముట్టుకోకూడదు, చలిగాలి తగలకూడదు, తినేదేదైనా వేడిగా తినాలి. అమ్మ ఫోన్‌లో చెప్పిన జాగ్రత్తలూ అచ్చం అవే! బాబుని చూసి ఆవిడ రెండు వేళ్ళు చూపించి మురిసిపోయింది. అక్కడ 1980 ప్రాంతం నుంచి 2015 దాకా పట్నాల్లో ఒక్క బిడ్డే అన్న నియమం ఉండేది. 2016 నుంచి అందరికీ ఇద్దరిని కనే వీలు వచ్చింది. ఆవిడకి ఒక్కతే కూతురు.

అప్పటికి మా పాప కిండర్‌గార్టెన్‌లో చేరి ఏడాదయింది. చైనా భాష గలగలా మాట్లాడేస్తోంది. తెలుగులో అడిగితే ఆ భాషలోనే జవాబు! అక్కడ నాన్నమ్మని 'నైనై' అంటారు. ఎదురింటావిడని అలాగే పిలిచేది. ఓ రోజు ఫోన్‌లో మా అత్తయ్యగారినీ 'నైనై' అంది. "నాయనమ్మ అనడానికి నోరు తిరగక ముద్దుగా అంటోందమ్మా" అని ఆవిడ మురిసిపోయారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఇంకో రెండేళ్ళు పోతే వాళ్ళిద్దరి మధ్యా మాటే ఉండదేమో!

ఆ రోజు నుంచీ గడప లోపల తెలుగే అని నియమం పెట్టుకున్నాం. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ కలిపితే ఇక్కడ సాయంత్రం ఆరు. అత్తయ్యగారు దీపం పెట్టే వేళ. గేదె ఈనిందా, కాలవకి నీళ్ళొదిలారా, కొబ్బరి దింపు తీశారా అంటూ రోజూ పావుగంట కబుర్లు. ఆరు నెలలు తిరిగేసరికి ఫోన్‌లో 'నాయనమ్మా' అన్న పిలుపు స్పష్టంగా వచ్చేసింది. ఎదురింటావిడ మాత్రం నైనైగానే ఉండిపోయింది. ఆ పిలుపు నేను మాన్పించలేదు.

మీ అమ్మాయో, కోడలో పిల్లలతో అక్కడికి వెళుతుంటే రెండు మాటలు చెప్పండి. సొంతంగా ఇంట్లో దిగితే 24 గంటల లోపల అక్కడి పోలీస్ స్టేషన్‌లో పేర్లు నమోదు చేయించుకోవాలి. వాట్సప్ అక్కడ మామూలుగా పని చెయ్యదు. మేం వాడిన విచాట్‌ని మన దేశంలో 2020లో నిషేధించారు. కాబట్టి సామాన్లలో ఇంగువ డబ్బా సర్దే ముందే, ఇంట్లో పెద్దవాళ్ళతో పిల్లలు రోజూ మాట్లాడే ఏర్పాటు ఏదో ఒకటి చూసుకోమనండి.