ఐడ్లింగ్‌లో దొరికే జబ్బు

పాత బండి జబ్బు సిగ్నల్ దగ్గర బయటపడుతుంది. అరవై మీద పోతున్నంతసేపూ ఆ లోపాలు వేగంలో కొట్టుకుపోతాయి. యాక్సిలరేటర్ వదిలేసి న్యూట్రల్‌లో నిలబెట్టండి. నాలుగు దెబ్బలు కొట్టి ఐదోది మింగేస్తుంది. ఆగిపోబోయి మళ్లీ అందుకుంటుంది. ఇంతలో సైలెన్సర్ టాప్‌మని పేలుతుంది, పక్క బండి మీద చంటిపిల్లాడు గుక్కపెడతాడు. కావాలని సైలెన్సర్ మార్చి ఇలా పేల్చుకుంటూ తిరిగేవాళ్లున్నారు. వాళ్ల సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కిస్తుంటే నాకు జాలి కలగదు. నేను చెప్పేది బండి తనంతట తాను పేలడం గురించి. అది పొగరు కాదు, రోగం.

తిరువొత్తియూరులో తయారైన పాత పోత ఇనుము బుల్లెట్ 350నే తీసుకుందాం. 346 సీసీ, ఒకటే సిలిండర్. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి అలిగితే మిగతా మూడూ లాక్కొస్తాయి. ఇక్కడ ఆ ఆసరా లేదు. ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే ప్లగ్గు ఐదు వందల సార్లు మండించాలి, అంటే సెకనుకు ఎనిమిది. డప్పు వరసలో ఒక దెబ్బ తప్పితే ఊరంతటికీ తెలిసినట్టు, అందులో ఒకటి తప్పినా చెవికి తెలిసిపోతుంది. తప్పిన ఆ దెబ్బ తాలూకు పెట్రోలు, గాలి మండకుండానే బెండు పైపులోకి, అంటే ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు పోయే గొట్టంలోకి, పోతాయి. తర్వాతి దెబ్బ తాలూకు మంట వెనకే వచ్చి వాటిని అంటిస్తుంది. మనకు వినిపించే పేలుడు అదే.

పేలుడు ఎటునుంచి వచ్చిందో ముందు తేల్చుకోవాలి. కార్బురేటర్ వైపు తుమ్మినట్టు కొడితే ఒక దారి, సైలెన్సర్‌లో కొడితే ఇంకో దారి. తుమ్మితే పెట్రోలు చాలడం లేదనో, ఇన్‌లెట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదనో అనుమానించాలి. సైలెన్సర్‌లో అయితే మొదటి అనుమానం కరెంటు మీదే. మెకానిక్కులు కరెంటు అనేది ప్లగ్గు దగ్గరి నిప్పురవ్వని. విజయవాడ ఆటోనగర్‌లో నేను బండి చూపించుకునే భాయ్ దగ్గరికి ఇలాంటి బండి ఏది వచ్చినా ఆయన నోట మొదటి మాట ఒకటే: “కార్బురేటర్ ముట్టుకోకండి సార్, ముందు కరెంటు చూద్దాం.” ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నా కార్బురేటర్ వైపు పోదు. ఆ నిగ్రహమంటే నాకు చాలా గౌరవం. ఐడ్లింగ్ బాగాలేదనగానే ఎయిర్ స్క్రూ తిప్పేసేవాళ్లే ఎక్కువ. అది తిప్పాక అసలు రోగం కింద ఇంకో రోగం దాక్కుంటుంది, రెండూ కలిసి దొరకవు.

ఈ బండిలో కరెంటంటే పాయింట్లు, కండెన్సర్, కాయిల్. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ బ్యాటరీ పద్ధతి 1910 మోడల్ కాడిలాక్ కార్లతో రోడ్డెక్కింది. ఈ బుల్లెట్‌లోనూ అదే సూత్రం. పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు పోతుంది, విడిపోయిన క్షణాన ప్లగ్గు దగ్గర రవ్వ పుడుతుంది. వాటి మధ్య గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఫీలర్ గేజ్ లేదని హ్యాక్సా బ్లేడు దూర్చి చూసేవాళ్లున్నారు. దాని మందం 0.6 దాటుతుంది. గ్యాప్ అంత పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది, కాయిల్ నిండే వ్యవధి తగ్గుతుంది. గ్యాప్ మరీ తగ్గితే టైమింగ్ వెనకబడి, మండుతున్న గ్యాస్ పైపులోకి పోతుంది.

చీకటి పడ్డాక పాయింట్ల మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా ఒకసారి లోపలికి చూడండి. పాయింట్ల మధ్య రవ్వ నీలంగా, సన్నగా, అప్పుడప్పుడు మిణుకుమంటే కంగారు పడనక్కర్లేదు. ప్రతి దెబ్బకీ తెల్లటి మెరుపు పెద్దగా విరజిమ్ముతుంటే కండెన్సర్ పోయినట్టే. అలాంటి పాయింట్ల ముఖం మీద ఒకవైపు గుంట, ఎదురువైపు మొటిమ కనిపిస్తాయి. ఆకురాయితో మెల్లగా రుద్ది చదును చేయొచ్చు, కానీ కండెన్సర్ మార్చకపోతే మళ్లీ అదే గుంట. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, అరగంట తిరిగాక మిస్సింగ్ మొదలైతే కండెన్సర్‌నో కాయిల్‌నో పట్టుకోవాలి. కండెన్సర్ చవక. అది మార్చకుండా కార్బురేటర్ కొనిపించడం అన్యాయం.

పాయింట్ల వెనకే ఆటో అడ్వాన్స్ ఉంటుంది: రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. వేగం పెరిగితే బరువులు విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఏళ్లు గడిచి స్ప్రింగులు సాగిపోతే ఐడ్లింగ్‌లో కూడా బరువులు పూర్తిగా వెనక్కి రావు. ఇంజన్ ఊగుతూ పైకీ కిందికీ పోతుంది. దీన్ని చాలామంది చూడరు. నా అనుభవంలో, అంతుచిక్కని ఐడ్లింగ్ అని తేల్చేసిన బండ్లలో ముందు వెతకాల్సింది ఇక్కడే.

ట్యాపెట్లు చూడటం తేలిక. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కంప్రెషన్ దెబ్బలో పిస్టన్‌ను పైకి తెచ్చి, కుడివైపు మూత తీసి, పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పాలి. నునుపుగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఎగ్జాస్ట్ వైపుది బిగిసి ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, మండుతున్నదంతా పైపులోకి తోసుకొస్తుంది.

ఇంత చూశాకే గాలి సంగతి. కార్బురేటర్ కూర్చునే ఫ్లేంజ్ నట్లను బలంకొద్దీ బిగిస్తే అది విల్లులా వంగి, సందులోంచి దొంగగాలి లాగుతుంది. పెట్రోలు పోసి పరీక్షించే అలవాటు ప్రమాదం, వేడి ఇంజన్ మీద మంట లేస్తుంది. సన్నగా నీళ్లు చిలకరించినా చాలు, ఐడ్లింగ్ మారితే లీకు అక్కడే. హెడ్‌లో బెండు పైపు దూరే చోట నల్లటి మసి చార కనిపిస్తే అక్కడా గాలి పోతోంది. యాక్సిలరేటర్ వదలగానే టపటపలాడే బండ్లలో తరచూ కారణం ఇదే, ఆ గాలిలోని ఆక్సిజన్‌తోనే మిగిలిన పెట్రోలు అంటుకుంటుంది.

ఇప్పుడు వీటికి కొత్త కారణమొకటి తోడైంది. మన దేశంలో 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 మొదలైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలో ఈ20 పూర్తిగా మండటానికి సుమారు 13.5 కిలోల గాలి చాలు. ఉత్త పెట్రోలుకు 14.7 కావాలి. కార్బురేటర్‌లో పెట్రోలు పోసే పాత జెట్టుకు ఆ సంగతి తెలియదు, ఎప్పటి కొలతలోనే పోస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది. పల్చబడ్డ మిశ్రమం ఐడ్లింగ్‌లో సరిగా అంటుకోదు. ప్లగ్గు తీసి చూస్తే లేత కాఫీ రంగు బదులు తెల్లగా ఉంటుంది. పైలట్ జెట్టును గాలి కొట్టి శుభ్రం చేసి, ఎయిర్ స్క్రూను కొద్దిగా లోపలికి తిప్పి చూడాలి. చాలకపోతే ఒక సైజు పెద్ద పైలట్ జెట్టు వేయించాలి. తీగ దూర్చి రంధ్రం పెద్దది చేయించుకోకండి, ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు.

ఇథనాల్ తేమనూ పీల్చుకుంటుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బండి నెలల తరబడి కదలకపోతే కార్బురేటర్ గిన్నె అడుగున నీళ్లు చేరొచ్చు. చాలాకాలం తీయరనుకుంటే ట్యాప్ మూసేసి, గిన్నెలో ఉన్నది అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి.