దసరాకి వచ్చేటట్టయితే

బ్యాంకాక్, సుఖుంవిత్
మంగళవారం రాత్రి

అక్కా,

అత్తమ్మకి ఇక్కడ ఏం దొరుకుతుందో చూసి రాయమన్నావు. దొరుకుతుంది. అయితే ముందే చెప్తున్నా, ఇక్కడ భయపడాల్సింది కారానికి కాదు, చేపరసానికి. మనం ఉప్పు వేసే చోటల్లా వీళ్లు నామ్ ప్లా పోస్తారు. నెత్తళ్లని ఉప్పులో ఏడాది పైన మాగబెట్టి వడగట్టిన రసం అది. వెజిటేరియన్ అని చెప్తే చికెన్ ముక్కలు మానేస్తారు గానీ ఆ సీసా మాత్రం ఆగదు. వాళ్లని అనడానికీ లేదు, వాళ్ల లెక్కలో అది ఉప్పే.

అందుకే వెజ్ అని అడక్కు, జే అని అడుగు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపించిన కొట్టు దగ్గర ఆగి "కిన్ జే ఖా" అంటే చాలు. చైనా మూలాలున్నవాళ్లు వ్రతానికి తినే భోజనం అది. మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. కార్తీకంలో అత్తమ్మ పాటించే నియమాలకంటే ఇది ఒక మెట్టు ఎక్కువ, ఎందుకంటే పాలు, పెరుగు కూడా ఉండవు. పెరుగన్నం మీద ఆశ పెట్టుకోవద్దని ఆవిడకి ఇప్పట్నుంచే చెప్పు.

జేకి తొమ్మిది రోజుల పండగ ఉంది. చాలా ఏళ్లు మన శరన్నవరాత్రులతో కలిసే వస్తుంది. 2024లో అయితే రెండూ అక్టోబర్ 3నే మొదలయ్యాయి. ఆ రోజుల్లో చైనావాళ్ల పేట యావరాత్ నిండా పసుపు జెండాలే. సీలం రోడ్డులో 19వ శతాబ్దంలో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది, అక్కడ నవరాత్రులు, విజయదశమి ఊరేగింపు. పిల్లల దసరా సెలవులకే వద్దామంటున్నావు కాబట్టి ఇంతకంటే మంచి సమయం లేదు. కాకపోతే అధికమాసం లెక్కల్లో తేడా వల్ల కొన్నేళ్లు రెండింటికీ నెల ఎడం వస్తుంది. టికెట్లు తీసేముందు ఆ ఏడాది తేదీలు సరిచూసుకో.

మొదటి రోజు పిల్లలతో రోడ్డు మీద వెతుక్కోకండి. అసోక్ స్టేషన్‌లో రైలు దిగితే వంతెన మీంచి నేరుగా టెర్మినల్ 21 అనే మాల్‌లోకి వెళ్లిపోవచ్చు. పై అంతస్తులో ఫుడ్ కోర్టు. కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి, తినగా మిగిలింది తిరిగిచ్చేస్తారు. జే స్టాలు కూడా ఉంది. చపాతీ, పప్పు కావాలని అత్తమ్మ పట్టుబడితే పహురత్‌లో గురుద్వారా ఉంది, పొద్దున పూట లంగర్ పెడతారు.

గురువారం

అక్కా,

నిన్న మీ మరిది తెప్పించుకున్న ప్లేటు చూస్తే అమ్మ అక్కణ్నుంచి లేచిపోయేది. ప్యాడ్ కప్రావ్. కోడి కైమా, వెల్లుల్లి, పచ్చిమిరప పెద్ద మంట మీద వేయించి, దించేముందు గుప్పెడు తులసాకు వేస్తారు. అమ్మ రోజూ నీళ్లు పోసే తులసే, వేరే మొక్కేం కాదు. పక్కన అన్నం, పైన అంచులు కరకరలాడే గుడ్డు. ఏం తినాలో తోచనప్పుడు ఈ ఊరివాళ్లు తెప్పించుకునేది ఇదే. పాపమో పుణ్యమో గానీ రుచి అమోఘం.

ఇవాళ చతుచక్ దగ్గర ఓర్ తోర్ కోర్ మార్కెట్‌కి వెళ్లాం. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయాక మనం ఇలా పండ్ల మధ్య తిరిగి ఎన్నాళ్లయిందో! నన్ను ఆపింది మాత్రం పండ్లు కాదు, వేపపూత. లేత చిగుళ్లతో, మొగ్గలతో కట్టలు కట్టి అమ్ముతున్నారు. మన వేప జాతే, చేదు కాస్త తక్కువ. చలికాలంలో పూస్తుంది. దాన్ని ఉడికించి, చింతపండు, తాటిబెల్లం, నామ్ ప్లా కలిపి చిక్కగా కాచిన పులుసులో ముంచుకుని, కాల్చిన చేపతో తింటారు. ఉగాది పచ్చడికి మామిడికాయ ఒక్కటే తక్కువ! మనం ఏడాదికోసారి శాస్త్రానికి చెంచాడు తిని మొహం చిట్లిస్తాం, వీళ్లు పళ్లెం నిండా పెట్టుకుంటున్నారు.

ఆ తర్వాత ఎటు చూసినా చుట్టాలే. ఆకుపచ్చ కూరలో తేలేవి మన ఉస్తికాయలు. గేంగ్ సోమ్ అనే పులుసులో అవిసెపూలు, మునక్కాడలు. సోమ్ తమ్ బండి మీద మట్టి రోలు, చెక్క రోకలి. పచ్చి బొప్పాయి తురుము, అలసంద కాయలు, టమాటా, వేరుశనగలు, ఎండురొయ్యలు, నిమ్మరసం వేసి నీ ఎదుటే దంచుతారు. ఈశాన్యాన ఇసాన్ ప్రాంతం నుంచి పనులకొచ్చినవాళ్లు ఈ ఊరికి తెచ్చిన రుచి. వాళ్ల పద్ధతిలో పులియబెట్టిన చేప పడుతుంది, అది వద్దనుకుంటే "తమ్ థాయ్" అడగాలి. మిరపకాయలెన్ని అంటే రెండే చెప్పు. గోరంతే ఉంటాయి గానీ గుంటూరు కాయని మించిన ఘాటు. నిజానికి పోర్చుగీసువాళ్లు మోసుకొచ్చేదాకా మిరప వీళ్లకీ లేదు, మనకీ లేదు.

టామ్ యమ్ కుంగ్ అనే రొయ్యల చారు 2024లో యునెస్కో జాబితాకెక్కింది. అందులో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం ముక్కలు నమలకూడదు, చారులో కరివేపాకులా పక్కకి పెట్టేయాలి. ప్యాడ్ థాయ్ నూడిల్స్ మీద మనవాళ్లకి అంత మోజెందుకో నాకు అర్థం కాలేదు. 1930ల చివర్లో, 40ల్లో ప్రధాని పిబుల్‌సాంగ్‌క్రామ్ జాతీయ వంటకమని ఊదరగొట్టించాడు. ఆ ప్రచారమే దాని రుచి. పైగా తీపి. నూడిల్స్ కొట్లలో బల్ల మీద నాలుగు గిన్నెలుంటాయి, కారప్పొడి, నామ్ ప్లా, వెనిగర్‌లో మిరపముక్కలు, పంచదార. ఆ పంచదార దగ్గరే నాకు వీళ్లతో పేచీ.

చియాంగ్ మై
ఆదివారం

అక్కా,

ఇక్కడ చల్లగా ఉంది. మధ్యాహ్నం ఖావ్ సోయ్ తిన్నాం. కొబ్బరిపాల కూరలో మెత్తటి నూడిల్స్, పైన వేయించిన నూడిల్స్, పక్కన ఊరేసిన ఆవాకు, నిమ్మచెక్క. చైనాలోని యునాన్ నుంచి వచ్చిన ముస్లిం వర్తకులతో ఈ ఊరు చేరిన వంట, అందుకే కోడితోనో గొడ్డు మాంసంతోనో చేస్తారు. ఏది కావాలో ముందే స్పష్టంగా చెప్పాలి. మా చిన్నది రెండు గిన్నెలు లాగించింది.

చెంచా కుడిచేత, ఫోర్కు ఎడమచేత పట్టి తిని తిని విసుగెత్తిన వేళ్లకి ఇక్కడ ప్రాణం లేచొచ్చింది. ఉత్తరాదిలో జిగురన్నం చేత్తోనే తింటారు, చిన్న ముద్ద చేసి కూరలో అద్దుకుని. కూరలన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు. ఒకేసారి పళ్లెం నింపేసుకుంటే మర్యాద కాదు, బావకి ఇది నువ్వే చెప్పు. సాయంత్రం పాత ఊళ్లో రాచదమ్నోన్ రోడ్డంతా ఆదివారం సంత. దారిలో గుళ్ల ఆవరణల్లోనే తిండి బళ్లు పెట్టేస్తారు, కూర్చోడానికి బల్లలూ ఉంటాయి.

ఇక ప్యాకేజీ సంగతి. మన దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డులో బావ మాట్లాడొచ్చిన ప్యాకేజీలో పట్టాయా, బ్యాంకాక్, మూడు పూటలా ఇండియన్ బఫే అన్నావు. పనీర్ బటర్ మసాలా కోసమైతే ఇంత దూరం ఎగరక్కర్లేదు, ఎల్బీ నగర్ చౌరస్తా దాటితే దొరుకుతుంది. అత్తమ్మకి జే కొట్లు, పిల్లలకి ఫుడ్ కోర్టు, బావకి తులసి కైమా. విమానం, హోటల్ వరకే తీసుకోండి, భోజనాల డబ్బు తగ్గించమని అడగండి. కుదరదంటే వేరేవాళ్లని చూసుకోండి. అన్నట్టు 2025 మే నుంచి ఇక్కడికొచ్చేవాళ్లు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. దానికి ఫీజు లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

మీ చెల్లెలు