చెల్లెలి యుద్యోగము

మా చెల్లెలు హైదరాబాదులో ఏమి యుద్యోగము చేయుచున్నదని యెవరైన నడిగినప్పుడు, మొన్నమొన్నటి వఱకు నాకు మాట తడబడుచుండెడిది. "ఎంటర్‌ప్రైజు ఆర్కిటెక్చరు కన్సల్టెంటు" అని యామె చెప్పిన మాటను వల్లించి యొప్పగించుటయే గాని, దాని యర్థము నే నెఱుగను. ఒకనాడు పొరుగింటి పిన్నిగారు తాము కట్టించుకొనబోవు ఇంటి పటమును దెచ్చి, "వంటిల్లు ఆగ్నేయమున నుండవలెను గదా, మీ చెల్లెలినొకసారి చూచి పెట్టుమనుము" అనిరి. ఆర్కిటెక్టనగా ఇండ్లు కట్టించునదియని వారి తలంపు. నా తెలివియు నంతకంటె నెక్కువది కాదు.

నేను బడికి పోయినదానను గాను. మా నాయనగారు ఇంటనే అమరమును, భారతమును చదివించిరి. నా తరువాతిదానిని మాత్రము కాలము మాఱెనని బడికి బంపిరి. ఆమె ఇంజనీరింగు చదివి, ఎనిమిదేండ్లు ప్రోగ్రాములు వ్రాసి, నాలుగేండ్లనుండి యీ సలహాదారు పనిలో నున్నది. ఊరూరు తిరుగుటయు, వేళకు తిండి లేకుండుటయు చూచి, "ఇది మానివేసి మీ బావగారివలె బడిలో చేరరాదా?" యని పలుమాఱు లామె మనసు నొప్పించితిని.

గడచిన యాషాఢమున ఆమె మూడు వారములు మాయింట నుండి, ల్యాప్‌టాప్ ముందు బెట్టుకొని పని చేసికొనెను. ఒకనాటి మధ్యాహ్నము బియ్యము లోని రాళ్లేఱుచు, ఆ పని యెట్టిదో చెప్పుమని నేనే యడిగితిని. ఆమె నవ్వి, "అక్కయ్యా, పాలలెక్క ఎక్కడ వ్రాయుదువు?" అనెను.

"నేను గోడమీది క్యాలెండరులో, మీ బావగారు తమ డైరీలో, పాలవాడు తన పుస్తకములో."

"నెల కడపట మూడును సరిపోవునా?"

"సరిపోయిన నెల నే నెఱుగను!"

"కంపెనీలలోను ఇంతియే. కొనువాని పేరు అమ్మకమువారి కంప్యూటరులో నొకవిధముగ, బిల్లులవారి దానిలో నొకవిధముగ, గిడ్డంగివారి దానిలో మఱొకవిధముగ నుండును. ఎవరి యక్కఱకు వారు కట్టుకొన్నవే. దేనికది చక్కగ నడచును. కలిపి చూచినచో కలియవు. ఏ పని యెవరు చేయుచున్నారు, దానికే సమాచారము కావలెను, అది యే యంత్రములో నున్నది, ఏది యుంచవలెను, ఏది మాన్పవలెను, ఏది ముందు, ఏది వెనుక, ఇదంతయు నొక పటముగ వ్రాసి పెద్దలకు చూపుట నా పని. ఇటుక పేర్చుట నాది కాదు."

ఈ విద్యకును గ్రంథములు గలవు. 1987లో జాన్ జాక్‌మన్ అను నాతడు ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో దీనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. తరువాత పెరిగిన యతని పద్ధతిలో ఏది, ఎట్లు, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అను నాఱు ప్రశ్నలు ముఖ్యములు. విన్నంతనే నాకు వ్యాకరణములోని యాఱు కారకములు జ్ఞప్తికి వచ్చినవి. అన్నియు నొకటికొకటి సరిపడవు గాని, ఎవరు అనగా కర్త, ఎక్కడ అనగా అధికరణము గదా! 1995లో టోగాఫ్ అను మఱియొక పద్ధతి అమెరికా రక్షణశాఖవారి కృషి నాధారముగ గొని వెలువడెను. 2022లో దాని పదవ కూర్పు వచ్చినది. 2014 నాటి విభజన పిమ్మట మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారును శాఖల సమాచారము నెల్ల కలుపనెంచి, ఈ-ప్రగతి యను పేర నిట్టి పటమునే వ్రాయించిరి.

వినుటకు బాగుగనే యుండెను. మఱునాటి రాత్రి ఆమెకు ఫోను వచ్చినది. ఆమె సలహా నిచ్చుచున్న యొక కంపెనీలో రెండు కంప్యూటరు పద్దులు ఒకే పనిని చేయుచున్నవనియు, ఒకటి మాన్పవచ్చుననియు నామె వ్రాసెను. ఆ రెండవదాని నేర్పఱచిన యధికారికి కోపము వచ్చి, "మూడు నెలలు చూచి పోవువారు మీరు. ఇరువదియేండ్ల మా పని మీకేమి తెలియును?" అనెనట. చెల్లెలి మొగము చిన్నబోయెను. సలహాదారునకు చెప్పుటయే గాని చేయించు నధికారము లేదు. నాకు విదురుడు తలపునకు వచ్చెను. "ఈ మాటలు పడుట యేల? మానివేయుము" అంటిని.

ఆమె నావైపు చూచి, "అత్తగారి పింఛను సంగతి మఱచితివా, అక్కయ్యా?" అనెను.

మఱచుట యెట్లు? మామగారు పోయిన తరువాత పదునొకండు నెలలు అత్తగారికి పింఛను రాలేదు. ఒక కార్యాలయపు పద్దులో ఆమె పేరు వేంకటసుబ్బమ్మ. బ్యాంకు పద్దులో సుబ్బలక్ష్మి. మాది సరియైనదని వీరును, మాది సరియైనదని వారును. ఎవరును దుర్మార్గులు కారు. అయినను ఆ ముసలితల్లి మందులకు నా చేతిగాజులు తాకట్టు పెట్టవలసివచ్చినది.

"ఆ రెండు పుస్తకములను ఒక్కచోట తెఱచి చూచుట యెవరికిని పని కాదు. అందుకే యట్లయ్యెను. అది పనిగా పెట్టుకొన్నదానను నేను" అని చెల్లెలు చెప్పెను. నేను మాఱుమాట యాడలేకపోతిని.

కొంతసేపటికి నా సందేహము నాకు గలిగెను. "సరే, ఆ రెండవది మాన్పించినచో, అందులో లెక్కలు వ్రాయువారి గతి యేమి?" అని యడిగితిని. ఆమె బదులు చెప్పలేదు. ఆ రాత్రి చాలసేపు ఆమె గదిలో దీపము వెలుగుచునే యుండెను. తెల్లవాఱిన తరువాత ఆ వ్రాయువారితో నొక్కొక్కరితో ఫోనులో మాటలాడెను. చెడిపోయి తిరిగివచ్చిన సరకుల లెక్క ఆ రెండవదానిలోనే యున్నదనియు, మొదటిదానిలో లేదనియు వారు చెప్పిరి. అధికారి కోపమునందును కొంత న్యాయము గలదన్నమాట. ఆమె తన నివేదికను దిద్ది, ముందు ఆ లెక్కను మొదటిదానిలో చేర్చవలెననియు, వ్రాయువారికి దాని పని నేర్పవలెననియు, ఆ పిమ్మటనే రెండవది మాన్పవలెననియు వ్రాసెను. కంపెనీ పెద్దలు మొదటి రెండింటికి సమ్మతించిరి, మూడవది చూతమనిరి. "ఇంతవఱకైన చాలును" అని చెల్లెలు పెట్టె సర్దుకొనెను.

పోవుచు నొక మాట చెప్పినది. ఒక సంస్థవారు తమలో తామెట్లు మాటలాడుకొందురో, వారు కట్టు యంత్రవ్యవస్థయు నట్లే యుండునని 1968లో మెల్విన్ కాన్వే అను నాతడు వ్రాసెనట. మాటలు లేని తోడికోడండ్రయింట రెండు పొయ్యిలుండుట మనకు క్రొత్తయా?

ఆమె పోయిన తరువాత వంటింటి వాకిట నొక పుస్తకమును వ్రేలాడగట్టితిని. పాలవాడును, మావారును, నేనును అందులోనే వ్రాయుచున్నాము. ఈ నెల ఒకపూట పాలు తక్కువ వచ్చినవి, ముగ్గురికిని తెలిసినది, తగవు లేదు. మొన్న పిన్నిగారు ఇంటిపటము మాట మఱల నెత్తగా, "మా చెల్లెలు ఇండ్లు కట్టించదు, పిన్నిగారూ! ఇంటనున్న పద్దుపుస్తకముల నన్నిటిని ఒక్కచోట తెఱచి చదువును" అంటిని. ఈసారి నాకు మాట తడబడలేదు.